నా పేరులో నిచ్చెన లేదే!

మా చిన్నమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. తెలుగైనా కూడబలుక్కునే చదువుతుంది. అయినా 2021 జూన్‌లో నేను చేయబోయిన ఒక తప్పును ఆమే పట్టుకుంది. అది అట్లాగే పోయుంటే ఆమె ఇప్పుడు కువైట్‌లో ఉండేది కాదు. బీటెక్ చదివి, ఐదేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో ఉండి, పక్కవాళ్ల కోడ్‌లో తప్పులు వెతికి జీతం తీసుకునే నాకు మాత్రం అది కనపడలేదు.

మాది రాజంపేట పక్కన పల్లె. రాజంపేట, రాయచోటి, బద్వేలు వైపు ఏ వీధిలోకి పోయినా కువైట్ సంగతి తెలియని ఇల్లు దొరకదు. వాన రాదు, బోరు ఎండుతుంది, అప్పు మాత్రం పెరుగుతుంది. అందుకే నలభై ఏళ్లకు పైగా మావాళ్లు ఎడారి నుంచి ఎడారికి పోతున్నారు. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి. మా చిన్నమ్మ పన్నెండేళ్ల కిందట ఇంటి పనికే పోయింది. తర్వాత ఒక క్లీనింగ్ కంపెనీకి మారి, బడిలో గదులు తుడిచే పని చేస్తోంది. మా ఇళ్లల్లో పిల్లలకు అ ఆలతో పాటు 'అకామా' అనే మాట కూడా వచ్చేస్తుంది. అకామా అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి. అది బతికుంటే ఉద్యోగం బతికున్నట్టు.

2020 ఫిబ్రవరిలో కూతురి పెళ్లికి చిన్నమ్మ సెలవు మీద వచ్చింది. మార్చి నెలాఖరుకు రిటర్న్ టికెట్ ఉంది. మార్చి 13న కువైట్ తన విమానాశ్రయం మూసేసింది. పది రోజులు తిరగకముందే మన దేశమూ అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. నెల రోజుల సెలవు కాస్తా పంతొమ్మిది నెలలయింది. పెళ్లికి తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. వడ్డీకి లాక్‌డౌన్ లేదు కదా.

నేను లాక్‌డౌన్‌కు నాలుగు రోజుల ముందు బెంగళూరులో గది ఖాళీ చేసి ఊరికి చేరాను. మేడ మీద లాప్‌టాప్, పక్కన జియో హాట్‌స్పాట్. 'ఆ పైన అబ్బి కంప్యూటర్ పని చేస్తాడంట' అని ఊరికి తెలియడానికి వారం పట్టింది. నాకు తెలిసిన కంప్యూటర్ పనికి, వాళ్లకు కావలసిన కంప్యూటర్ పనికి సంబంధం లేదని చెప్పినా ఎవరూ వినలేదు. వాళ్లదే రైటు. 2020 ఆఖరుకల్లా నా దగ్గర ఒక ఎక్సెల్ షీట్ తయారైంది. పదకొండు వరుసలు, పదకొండు మంది మనుషులు. పాస్‌పోర్టు గడువు, అకామా గడువు, కంపెనీ ఫోన్ నంబరు, ఈమెయిల్, పాస్‌వర్డ్. తర్వాత మొదటి డోసు, రెండో డోసు కాలమ్‌లు వచ్చి చేరాయి. ఆఫీసులో జిరా టికెట్లు పెండింగ్ ఉంచితే మేనేజర్ అడుగుతాడు. ఇక్కడైతే పొద్దున్నే పాలు పోయడానికి వచ్చిన ఆమె అడుగుతుంది: "ఏమబ్బీ, మా ఆయనది ఏమన్నా కదిలిందా?"

వాళ్లలో ఒక్కరికీ ఈమెయిల్ లేదు. అన్నీ నేనే తెరిచాను. పాస్‌వర్డ్‌లు పాత కరెంటు బిల్లు వెనక రాసిచ్చాను. సైబర్ సెక్యూరిటీ వాళ్లు ఇది చదివితే నన్ను క్షమించాలి.

దుబాయ్‌లో పద్నాలుగు రోజులు

2020 ఆగస్టు 1న కువైట్ విమానాశ్రయం తెరిచారు. కానీ ఇండియా నిషేధ జాబితాలో ఉంది. సందు ఒకటే: ఆ జాబితాలో లేని దేశంలో పద్నాలుగు రోజులు ఉండి, కొవిడ్ టెస్ట్ చేయించుకుని అక్కడి నుంచి పోవచ్చు. ఇళ్లల్లో పనిచేసే వాళ్ల కోసం ఆ డిసెంబరులో 'బిల్‌సలామా' అనే ఆన్‌లైన్ వేదిక పెట్టారు, యజమాని రిజిస్టర్ చేస్తే నేరుగా రప్పించుకోవచ్చని. మిగతావాళ్లందరికీ దుబాయే దారి. ఏజెంట్లు దానికి 'ప్యాకేజీ' అని పేరు పెట్టారు. విజిట్ వీసా, ఒక గదిలో నలుగురు, రెండు పూటల భోజనం, టెస్టు, దుబాయ్ నుంచి కువైట్ టికెట్. ఏదో హనీమూన్ ట్రిప్‌లాగా ఉంటుంది వినడానికి. లక్షన్నర.

2021 జనవరిలో మా వీధి నుంచి ఇద్దరు ఆ ప్యాకేజీకి సిద్ధమయ్యారు, చిన్నమ్మ, ఆమె ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే డ్రైవరన్న. చిన్నమ్మ పాస్‌పోర్టులో ఆరు నెలల గడువు లేదు. రెన్యువల్‌కు పెట్టాం. కడప హెడ్ పోస్టాఫీసులోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో స్లాట్ దొరకాలి, పోలీస్ వెరిఫికేషన్ కావాలి. కొత్త బుక్కు చేతికొచ్చేసరికి ప్యాకేజీ బ్యాచ్ వెళ్లిపోయింది. చిన్నమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నావల్లే ఆలస్యమైందన్నట్టు మా అమ్మ కూడా చూసింది.

డ్రైవరన్న దుబాయ్ చేరాడు. పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకుని ఫిబ్రవరి 8కి కువైట్ టికెట్ తీసుకున్నాడు. ఫిబ్రవరి 7 నుంచి కువైట్ తన పౌరులు కానివాళ్లందరికీ తలుపు మూసింది. మొదట రెండు వారాలన్నారు. ఆ రెండు వారాలు ఆగస్టు దాకా సాగాయి. సౌదీ కూడా అదే వారంలో యూఏఈ నుంచి వచ్చేవాళ్లను ఆపడంతో వేలమంది మనవాళ్లు దుబాయ్‌లో ఇరుక్కున్నారు. అక్కడి భారత రాయబార కార్యాలయం ఇంటికి తిరిగి వెళ్లిపొమ్మని సలహా ఇచ్చింది. ఒక్క రోజు తేడా. అన్న ఇంకో అప్పుతో ఊరికొచ్చాడు.

పాస్‌పోర్టు ఆలస్యమవడమే చిన్నమ్మను కాపాడింది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. మా జేజి మాత్రం దేవుని కడపకు పోయి కొబ్బరికాయ కొట్టొచ్చింది.

ఆ రోజు పెట్టెలో ఏముంటే అది

ఏప్రిల్‌లో నలభై అయిదు దాటినవాళ్లందరికీ టీకా మొదలైంది. మా దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఏ కంపెనీ టీకా వేస్తున్నారని అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజు ఐస్ పెట్టెలో ఏది వస్తే అది. చిన్నమ్మ పోయిన రోజు కొవిషీల్డ్ ఉంది. డ్రైవరన్న వారం తర్వాత పోయాడు, కొవాగ్జిన్ ఉంది. భుజానికి గుచ్చినప్పుడు రెండూ ఒకటే నొప్పి. కానీ కువైట్ అప్పట్లో ఒప్పుకున్న పేర్లలో ఫైజర్, మోడర్నా, జాన్సన్, ఆక్స్‌ఫర్డ్ ఆస్ట్రాజెనెకా ఉన్నాయి. కొవిషీల్డ్ అంటే పుణెలో తయారైన ఆస్ట్రాజెనెకానే. కొవాగ్జిన్ మన హైదరాబాద్‌లోనే పుట్టింది, ఆ జాబితాలో లేదు. ఏ దేశంలో ఏ టీకా చెల్లుతుందో ముందుగా ఆలోచించి వేయించుకున్నవాళ్లు మా మండలంలో ఎవరైనా ఉన్నారంటే నేను నమ్మను.

మే నెలలో సెకండ్ వేవ్. ఆ నెలలో నా షీట్‌లో ఒక వరుస తీసేయాల్సి వచ్చింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

రెండో డోసు దగ్గర ఇంకో చిక్కు. కొవిషీల్డ్ డోసుల మధ్య గ్యాప్‌ను మే 13న పన్నెండు నుంచి పదహారు వారాలకు పెంచారు. కువైట్ ఏమో రెండు డోసులూ పడిన రెసిడెంట్లను ఆగస్టు 1 నుంచి రానిస్తామని జూన్‌లో చెప్పింది. అదృష్టం కొద్దీ కేంద్ర ప్రభుత్వం జూన్ 7న ఒక ప్రత్యేక ఏర్పాటు చేసింది. చదువుకు, ఉద్యోగానికి, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లేవాళ్లకు 28 రోజులు దాటితే చాలు, రెండో డోసు వేయొచ్చన్నారు. పతకం కోసం పోయేవాళ్లు, బడి తుడవడానికి పోయేవాళ్లు ఒకే ఆర్డర్‌లో ఉండడం నాకు భలే నచ్చింది. పాస్‌పోర్టు, అకామా కాపీ, కంపెనీ నుంచి వాట్సాప్‌లో తెప్పించిన లెటర్ పట్టుకుని చిన్నమ్మను బండి మీద ఎక్కించుకుని కడపకు పోయాను. సాయంత్రానికి రెండో డోసు సర్టిఫికెట్ ఫోన్‌లోకి వచ్చింది. ఇద్దరం బజ్జీలు తిన్నాం. అయిపోయింది అనుకున్నాం.

అసలు పని అప్పుడు మొదలైంది.

ఒకే మనిషి, మూడు పేర్లు

మనవాళ్ల పేర్లు ఇంగ్లీషులో ఎట్లా రాస్తారో మీకు తెలుసు. ఇంటిపేరు కొందరికి ముందు, కొందరికి వెనక, కొందరికి ఒక్క పొడి అక్షరం. లక్ష్మి అనే పేరు తీసుకోండి. కే, ఎస్, హెచ్ పెట్టి రాసేవాళ్లున్నారు, ఎక్స్ ఒక్కటి పెట్టి సరిపెట్టేవాళ్లున్నారు. 'త'కు ఒకరు టీ రాస్తే ఇంకొకరు టీ హెచ్ రాస్తారు. రేషన్ కార్డు రాసినాయన ఒక రకం, ఆధార్ సెంటర్‌లో పిల్లోడు ఇంకో రకం, పాస్‌పోర్టు ఫారం నింపిన ఏజెంటు మూడో రకం. ఊర్లో ఉన్నన్నాళ్లు ఏ ఇబ్బందీ లేదు, పోస్ట్‌మ్యాన్‌కు అందరూ తెలుసు. విమానం ఎక్కేటప్పుడు మాత్రం ముగ్గురూ ఒకరే అని రుజువు చేయాలి.

టీకా రిజిస్ట్రేషన్ ఆధార్‌తో జరిగింది కాబట్టి కోవిన్ సర్టిఫికెట్‌లో ఆధార్ పేరే పడింది. ఇంటిపేరు ఒక్క అక్షరం, పేరులో టీ పక్కన హెచ్. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, హెచ్ లేదు. జూన్‌లోనే కోవిన్‌లో 'రైజ్ యాన్ ఇష్యూ' అనే ఆప్షన్ వచ్చింది. దాంట్లో పేరు, పుట్టిన సంవత్సరం సరిచేసుకునే, పాస్‌పోర్టు నంబరు జోడించుకునే వీలుండేది. ఒక్కటే షరతు. పేరు దిద్దుకునే అవకాశం ఒక్కసారే.

ఆ రాత్రి పదకొండు గంటలకు, ఆఫీస్ కాల్ అయిపోయాక కూర్చున్నాను. ఇంటిపేరు పూర్తిగా కొట్టాను. పేరు కొట్టాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. సబ్మిట్ నొక్కేముందు ఎందుకో, "చిన్నమ్మా, ఒకసారి చూడు" అని స్క్రీన్ ఆమె వైపు తిప్పాను. మర్యాదకు తిప్పానంతే, చదవగలదని కాదు.

ఆమె పాస్‌పోర్టు తెరిచి పక్కన పెట్టుకుంది. ఒక వేలు పాస్‌పోర్టు మీద, ఒక వేలు స్క్రీన్ మీద. ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ ముగ్గు చుక్కలు లెక్కపెట్టినట్టు జరిపింది. మధ్యలో వేలు ఆగిపోయింది.

"ఈ నిచ్చెన యాడిది నాయనా? నా పేరులో నిచ్చెన లేదే."

నిచ్చెన! పెద్ద హెచ్ అక్షరం నిజంగానే ఒక్క మెట్టు నిచ్చెనలాగా ఉంటుంది కదా. ఇంటిపేరు మీదే నా ధ్యాసంతా పెట్టి, పేరును మాత్రం అలవాటుగా ఆధార్ స్పెల్లింగ్‌తోనే కొట్టేశాను. రెండుసార్లు సరిచూసినప్పుడూ నా కళ్లు ఆమె పేరును చదివాయి, అక్షరాలను చూడలేదు. చదవడం వచ్చినవాళ్లకు ఉండే రోగం ఇది. ఆమెకు చదవడం రాదు కాబట్టి చూసింది.

"నీకెట్లా తెలిసింది?" అంటే నవ్వింది. "మొదట పోయినప్పుడు ఎయిర్‌పోర్టులో మావి ముప్పై పాస్‌పోర్టులు కలిపి ఒకాయన చేతిలో పెట్టినారు. ఎవరిది ఎవరికిస్తాండాడో తెలీదు. అప్పుడు నేర్చుకున్యా, నా పేరు బొమ్మ ఎట్లుంటాదో."

నేను హెచ్ తీసేసి సబ్మిట్ నొక్కాను. చేయి కొంచెం వణికింది, ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నేను ఆఫీసులో చేసేది కూడా ఫారాలే. రెండేళ్ల కిందట ఒక ఫారంలో 'లాస్ట్ నేమ్ తప్పనిసరి' అని పెట్టింది నేనే. ఖాళీగా వదిలితే ఎర్ర గీత, కింద ఒక ఘాటైన మెసేజ్. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు మా పల్లెలోనే నలుగురున్నారని నాకు ఆ రోజు తట్టలేదు. టికెట్ బుక్ చేసేటప్పుడు వాళ్లతో కూర్చుని, అచ్చం నా ఎర్ర గీతలాంటి ఎర్ర గీతను చూస్తూ, ఎయిర్‌లైన్ కాల్ సెంటర్ పాట నలభై నిమిషాలు విన్నాను.

రూల్స్ అందరికీ ఒకటే, దారులు వేరు

అదే నెలల్లో కర్నూలులో మా జూనియర్ ఒకడు ఎమ్మెస్‌కు అమెరికా పోవడానికి తయారవుతున్నాడు. మే 4 నుంచి అమెరికా ఇండియా ప్రయాణికులపై ఆంక్షలు పెట్టినా, ఆగస్టు 1 తర్వాత క్లాసులు మొదలయ్యే విద్యార్థులకు మినహాయింపు ఇచ్చింది. వాడికీ చిక్కులు లేవని కాదు. హైదరాబాద్ కాన్సులేట్ వీసా స్లాట్ కోసం రాత్రంతా రిఫ్రెష్ కొట్టాడు. కొవాగ్జిన్ వేయించుకున్న వాడి రూమ్మేట్‌ను యూనివర్సిటీ అక్కడికొచ్చాక మళ్లీ టీకా వేయించుకోమంది. కానీ వాడు నాలుగు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉన్నాడు. స్లాట్ తెరిస్తే నిమిషంలో తెలుస్తుంది. పేరు తేడా వస్తే ఏం చేయాలో సీనియర్ స్క్రీన్‌షాట్ పెడతాడు. ఆగస్టులో హైదరాబాద్ నుంచి షికాగో డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కాడు. వాడి ఫోల్డర్‌లో ఫైళ్లకు నంబర్లు కూడా ఉన్నాయి.

చిన్నమ్మ గ్రూపులోనూ సమాచారం ఉంది, అంతా వాయిస్ మెసేజ్‌లుగా. 'రేపు తెరుస్తారంట', 'లేదంట', 'మా బాబా చెప్పినాడు'. ఏది నిన్నటిదో ఏది పోయినేడాదిదో తెలియదు. ఒక ఫార్వర్డ్‌ను నమ్మి పక్క ఊరాయన దుబాయ్ టికెట్ తీసుకుని డబ్బు పోగొట్టుకున్నాడు. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను: కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం పేజీలో గానీ, కువైట్ పౌర విమానయాన శాఖ ప్రకటనలో గానీ కనపడేదాకా ఏ వార్తా వార్త కాదు. గ్రూపులో నన్ను 'నమ్మని అబ్బి' అని పిలవడం మొదలుపెట్టారు.

తర్వాత మెట్టు, టీకా సర్టిఫికెట్‌ను కువైట్ ఆరోగ్య శాఖ సైట్‌లో పెట్టి ఆమోదం తెచ్చుకోవడం. సివిల్ ఐడీ, పాస్‌పోర్టు, సర్టిఫికెట్. మొదటిసారి తిప్పి పంపారు. తప్పు నాదే. సైజు తగ్గించే తొందరలో క్యూఆర్ కోడ్ అంచు తెగింది. ఈసారి మొదటి డోసుది, రెండో డోసుది కలిపి ఒకే పీడీఎఫ్ చేసి, ప్రింటు తీసిన కాగితం మీద క్యూఆర్‌ను ఇంకో ఫోన్‌తో స్కాన్ చేసి, తెరుచుకుందని చూశాకే పంపాను. రోజూ పొద్దున్నే స్టేటస్ చూడడం, చిన్నమ్మ మెట్లెక్కుతూ "వచ్చినాదా?" అనడం, నేను తల అడ్డంగా ఊపడం. ఎన్ని రోజులో లెక్కపెట్టలేదు. వచ్చిన రోజు మాత్రం ఆమె ఏమీ అనలేదు, కిందికి పోయి కాఫీ పెట్టుకొచ్చింది.

ఓటీపీ గొడవ ఇంకొకటి. అక్కడి యాప్‌లకు ఓటీపీ కువైట్ నంబరుకే పోతుంది. ఏడాదిన్నరగా రీచార్జ్ లేని ఆ సిమ్ ఎప్పుడో చచ్చిపోయింది. ఆమెతో గదిలో ఉండే రాయచోటి అక్క ఒకామె తన నంబరు ఇచ్చింది. ఆమె పనిలో ఉంటే ఫోన్ ఎత్తదు, ఓటీపీకి రెండు నిమిషాలే టైము. అక్కడ మధ్యాహ్నం భోజనం వేళకు ఇక్కడ నేను లాప్‌టాప్ ముందు సిద్ధంగా ఉండేవాణ్ని. రెండు దేశాల మధ్య ఇంత కచ్చితమైన డిప్లాయ్‌మెంట్ నా కెరీర్‌లో చేయలేదు.

ఆగస్టు 1 వచ్చింది. అనుమతి ఉంది, నేరుగా విమానం లేదు. ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు, ఇంకో దేశం మీదుగా ప్యాకేజీ అని. ఇంట్లో పెద్ద చర్చ. చిన్నాయన పోదామన్నాడు, వడ్డీ తరుముతోంది కదా. నేను వద్దన్నాను. నిజంగా ఆ ధైర్యం నాది కాదు, నాలుగిళ్ల అవతల ఖాళీగా కూర్చున్న డ్రైవరన్న ముఖం చూసి వచ్చింది. చివరికి చిన్నమ్మే తేల్చింది: "ఇన్నాళ్లు ఆగినాం, నెల ఆగలేమా." సెప్టెంబరు మొదట్లో ఇండియా నుంచి నేరు విమానాలు మొదలయ్యాయి. మొదటి వారాల్లో ఒకవైపు టికెట్టే లక్ష దాటింది. రోజూ చూస్తూ చూస్తూ, నెలాఖరులో చెన్నై నుంచి దానికంటే బాగా తక్కువకు ఒకటి దొరికింది. డబ్బు వాపసు ఇచ్చే టికెట్ కాకపోయినా తేదీ మార్చుకోవచ్చు. ఆ ఒక్క సౌకర్యానికి మూడు వేలు ఎక్కువ పెట్టాను. ఆ రోజుల్లో పెట్టాల్సిన ఖర్చు అదొక్కటే అని నా అభిప్రాయం.

ఇక ఆర్టీపీసీఆర్. అప్పట్లో 72 గంటల లోపుది కావలసి ఉండేది. లెక్క శాంపిల్ ఇచ్చిన టైము నుంచి, రిపోర్ట్ వచ్చిన టైము నుంచి కాదు. చాలామంది ఇక్కడే బోల్తాపడ్డారు. పల్లె నుంచి కడపకు పోయి శాంపిల్ ఇవ్వాలి, రిపోర్ట్ రావాలి, చెన్నైకి ఐదు గంటల దారి, విమానానికి నాలుగు గంటల ముందే చేరాలి. నేను విమానం ఎక్కే టైము నుంచి కాకుండా దిగే టైము నుంచి వెనక్కి లెక్కేసి, ఇంకో ఆరు గంటలు తగ్గించుకున్నాను. ఆదివారం ప్రయాణానికి శుక్రవారం పొద్దున శాంపిల్. ఫారం మీద పేరు నేను రాస్తుంటే చిన్నమ్మ పక్కన నిలబడి చూస్తోంది. రిపోర్ట్ శనివారం మధ్యాహ్నం వచ్చింది. నెగెటివ్ అన్న మాట కంటే ముందు ఇద్దరం వెతికింది నిచ్చెన కోసం. లేదు.

మీరూ బయల్దేరేవాళ్లైతే

2021 నవంబరు నాటికి సంగతులు కొంచెం తేలికయ్యాయి. బ్రిటన్ అక్టోబరు 11 నుంచి కొవిషీల్డ్ రెండు డోసులు పడిన మనవాళ్లకు క్వారంటైన్ తీసేసింది. కోవిన్ సర్టిఫికెట్‌లో అప్పటికి విదేశీ ప్రయాణం కోసం పూర్తి పుట్టిన తేదీతో వేరే ఫార్మాట్ ఇచ్చేవాళ్లు. అయితే ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉండి, పాస్‌పోర్టులో తేదీ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లది ముందు చూడాల్సి వచ్చేది. నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవాగ్జిన్‌ను గుర్తించింది, 8 నుంచి అమెరికా రెండు డోసులవాళ్లను రానివ్వడం మొదలుపెట్టింది. రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు అప్పటికి ఇంకా మొదలు కాలేదు, ఎయిర్ బబుల్ ఒప్పందాల కింద నడిచేవే ఉండేవి. కాబట్టి టికెట్ కొనేముందు ఆ విమానం నిజంగా ఎగురుతోందా అని చూసుకోవాల్సి వచ్చేది. మధ్యలో విమానం మారేటట్టయితే ఆ మధ్య దేశం రూల్ వేరు.  ఆ రూల్స్ తర్వాత మారిపోయాయి. మారనిది ఒకటే: పాస్‌పోర్టులో పేరు ఎట్లా ఉందో ప్రయాణపు కాగితాలన్నింటిలోనూ అట్లాగే ఉండాలి. సరిచూసే పని ఆ పేరును ఎప్పుడూ చదవనివాళ్లకు ఇవ్వండి.

కొవాగ్జిన్ వార్త వచ్చిన రోజు నేను డ్రైవరన్న ఇంటికి పరిగెత్తాను. ఆయన నవ్వాడు. "అకామా జూలైలోనే పాయ కదబ్బీ." యజమాని రెన్యువల్ చేయలేదు. అకామా పోయాక టీకా ఏదైతేనేం. దుబాయ్ ప్యాకేజీ అప్పు ఇంకా ఉంది. ఇప్పుడాయన రాజంపేట బస్టాండు దగ్గర ఆటో తోలుతున్నాడు. నా షీట్‌లో ఆయన వరుస ఇంకా తీసేయలేదు.

ఆదివారం తెల్లవారుజామున చెన్నై విమానాశ్రయం బయట చిన్నమ్మ చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు పెట్టాను. అన్నీ మూడేసి కాపీలు, వరసగా. పాత పాస్‌పోర్టు, కొత్త పాస్‌పోర్టు, అకామా, టీకా, ఆరోగ్య శాఖ ఆమోదం, టెస్ట్, కంపెనీ లెటర్, గది అడ్రస్. పైన తెలుగులో స్కెచ్ పెన్నుతో నంబర్లు. ఫోన్‌లోనూ అన్నీ ఉన్నాయి, కువైట్ ముసాఫర్ యాప్‌లో రిజిస్ట్రేషన్ కూడా. అయినా చార్జింగ్ అయిపోతే? ఆమె ఫైలును పసిబిడ్డలాగా ఎదకు అదుముకుని లోపలికి పోయింది. అద్దంలోంచి కనపడినంతసేపు చూశాను. కౌంటర్ దగ్గర ఆగింది, ఏదో తీసింది, ఏదో పెట్టింది, ముందుకు కదిలింది.

రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ కాల్ వచ్చింది.

"దిగినా నాయనా. గదికొచ్చినా. వారం బయటికి రావద్దన్యారు, మళ్లా టెస్ట్ చేస్తారంట."

"కాగితాలన్నీ చూశారా?"

"ఫోన్లో ఆ నల్ల గళ్ల బొమ్మ చూసినారు. పాస్‌పోర్ట్ చూసినారు. పో అన్యారు. ఫైలు ముట్టుకోనే లేదు." కాసేపు ఆగి అడిగింది, "దీన్ని పారేయనా, ఉంచనా?"

"పారేయొద్దు చిన్నమ్మా. వచ్చేటప్పుడు ఢిల్లీ వాళ్ల ఎయిర్ సువిధ ఫారం నింపాలి. దానికీ ఇవే కావాలి."

"మళ్లా నువ్వే నింపల్ల."

"నేనే నింపుతాలే. నువ్వు చూద్దువు."